పిండి కొద్దీ పిజ్జా

ఇటలీవాళ్లకు పిజ్జా అమ్ముదామని వెళ్లింది డామినోస్. 2015లో మిలాన్‌లో మొదటి దుకాణం తెరిచింది. అక్కడ ఆ పేరుతో వ్యాపారం చేసే హక్కు తీసుకున్న ఈపిజ్జా అనే కంపెనీ, ముందు ముందు 880 దుకాణాలు పెడతామని లెక్క వేసుకుంది. అందుకోసం భారీగా అప్పులు చేసింది. పిజ్జాను గుమ్మం దాకా తెచ్చిచ్చే ఏర్పాటు ఇటలీలో అప్పటికి అంతంతమాత్రం. ఆ లోటే తమకు పెట్టుబడి అనుకున్నారు. తర్వాత కోవిడ్ వచ్చింది. జనం ఇళ్లలో చిక్కుకుపోయిన ఆ రోజుల్లో వీధి చివరి చిన్న పిజ్జేరియాలు కూడా డెలివరీ యాప్‌లలో చేరిపోయాయి. ఏళ్ల తరబడి తెలిసిన దుకాణం పిజ్జాయే నేరుగా ఇంటికి రావడం మొదలైంది. 2022 వేసవికల్లా డామినోస్ చివరి 29 దుకాణాలూ మూతపడ్డాయి. అమెరికాలోనూ మన దేశంలోనూ ఉడికిన పప్పులు అక్కడ ఉడకలేదు.

పిజ్జా పుట్టిన గడ్డ మీద అమెరికా పిజ్జాకు పరాభవం జరిగిందని అప్పట్లో ప్రపంచమంతా చెప్పుకుంది. ఆ వార్తలో నన్ను పట్టి నిలిపిన విషయం వేరే ఉంది. సౌకర్యం ఇద్దరికీ సమానమైన రోజున జనం ముందు మిగిలింది రుచి, ధర మాత్రమే. అప్పుడు వాళ్లు వీధి చివరి దుకాణాన్నే ఎంచుకున్నారు. మన తెలుగు ఊళ్లలో ఈ పరీక్ష ఇంకా సరిగా జరగలేదు. ఎందుకంటే మన కథ తిరగబడి మొదలైంది. ఇటలీలో, అమెరికాలో ముందు వీధి దుకాణం పుట్టింది, చెయిన్ తర్వాత వచ్చింది. మనకు ముందు వచ్చింది చెయినే. 1996లో పిజ్జా హట్ బెంగళూరులో, డామినోస్ ఢిల్లీలో తలుపులు తెరిచాయి. హైదరాబాదూ విజయవాడా విశాఖా ఆ తర్వాతి మాట. మనలో చాలామంది మొదటి పిజ్జా తిన్నది ఎర్రరంగో నీలిరంగో బోర్డు కిందే. దాంతో ఆ రుచే పిజ్జా రుచి అని నాలుకకు ముద్ర పడిపోయింది. తర్వాత పుట్టిన మన ఊరి దుకాణాలు కూడా ఆ ముద్రనే చూసి రాసుకున్నాయి. స్థానిక పిజ్జా గొప్పదా, చెయిన్ పిజ్జా గొప్పదా అన్న వాదన మన దగ్గర తేలకపోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

ఒక్క గదిలో పుట్టినవే

చెయిన్లను విలన్లుగా చూపించడం తేలిక. కానీ అవన్నీ ఒకనాడు వీధి దుకాణాలే. 1958లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో డాన్, ఫ్రాంక్ కార్నీ అనే అన్నదమ్ములు తల్లి దగ్గర 600 డాలర్లు అప్పు తీసుకొని ఓ చిన్న ఇటుకల గదిలో పిజ్జా మొదలుపెట్టారు. బోర్డు మీద ‘పిజ్జా’ అని రాశాక ఇంకో మూడు ఇంగ్లిష్ అక్షరాలకే చోటు మిగిలిందట. గది చూస్తే గుడిసెలా ఉంది. అలా పిజ్జా హట్ అయింది. ఆ గదిని ఇప్పుడు విచిటా స్టేట్ యూనివర్సిటీ ఆవరణలో మ్యూజియంగా ఉంచారు. 1959లో మిషిగన్‌లో మైక్, మేరియన్ ఇలిచ్ దంపతులు లిటిల్ సీజర్స్ పెట్టారు. మరుసటి ఏడాది అదే రాష్ట్రంలోని ఇప్సిలాంటిలో టామ్ మోనహన్, తమ్ముడు జేమ్స్ కలిసి డామినిక్స్ అనే చిన్న పిజ్జా దుకాణం కొన్నారు. కొన్ని నెలలకే తమ్ముడికి విసుగొచ్చింది. డెలివరీకి వాడుతున్న పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు తీసుకొని తన సగం వాటా అన్నకు వదిలేశాడు. ఆ దుకాణమే డామినోస్ అయింది. 1998లో మోనహన్ దాన్ని బెయిన్ క్యాపిటల్‌కు సుమారు 100 కోట్ల డాలర్లకు అమ్మాడు.

వీళ్లంతా పిండి పిసికినవాళ్లే, పొయ్యి దగ్గర చెమటోడ్చినవాళ్లే. మరి ఎక్కడ దారి చీలింది? రెండో దుకాణం దగ్గర చీలలేదు, మూడో దాని దగ్గరా చీలలేదు. యజమాని ఒక్క పూటలో తిరిగి రాలేనన్ని దుకాణాలు అయినప్పుడు చీలింది. తాను లేనిచోట కూడా పిజ్జా ఒకేలా రావాలంటే, వండేవాడి తెలివి మీద ఆధారపడని పద్ధతి కావాలి. చెయిన్ల చరిత్ర అంతా ఆ పద్ధతిని వెతుక్కుంటూ సాగింది.

ఈ పూట పిండి ఎవరు చూశారు?

పిజ్జాలో కష్టమంతా పిండిదే. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్. నేపుల్స్‌లో 1984లో ఏర్పడిన పిజ్జా సంఘం నియమాల్లో ఈ నాలుగే ఉంటాయి. నూనె లేదు, చక్కెర లేదు. అప్పడాల కర్ర ముట్టుకోకూడదు, చేత్తోనే సాగదీయాలి. ఉండ 200 నుంచి 280 గ్రాములు. కట్టెల పొయ్యి లోపలి వేడి 400 డిగ్రీలు దాటి 480 దాకా పోతుంది. పిజ్జా అందులో ఉండేది 60 నుంచి 90 సెకన్లు. ఆ నిమిషంన్నరలో మనిషి పక్కకు చూస్తే అంచు బొగ్గవుతుంది. ఈ నైపుణ్యాన్నే యునెస్కో 2017లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పట్టికలోకి ఎక్కింది పిజ్జా వంటకం మాత్రమే అనుకుంటారు చాలామంది. అక్కడ గౌరవం దక్కింది పిజ్జా చేసే మనిషి చేతికి.

ఆ చెయ్యి చేసే పని మన ఇళ్లలో దోసెల పిండి రుబ్బేవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఏప్రిల్‌లో రాత్రి పదింటికి రుబ్బిన పిండి తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది. జనవరిలో అదే పిండి ఉదయం తొమ్మిదైనా కదలదు. ఎండాకాలం ఫ్రిజ్‌లో ఎప్పుడు పెట్టాలో, చలికాలం పొయ్యి పక్కకు ఎప్పుడు జరపాలో ఏ పుస్తకమూ చూసి చెయ్యరు. పిజ్జా పిండీ అంతే. గాలిలో తేమ పెరిగితే నీళ్లు తగ్గించాలి, వేడి పెరిగితే ఈస్ట్ తగ్గించాలి, కొత్త గోధుమ పిండి సంచి విప్పితే అది ఎన్ని నీళ్లు పీలుస్తుందో మళ్లీ తెలుసుకోవాలి. రోజూ పొద్దున ఎవరో ఒకరు ముద్దను వేలితో నొక్కి, అది ఎంత నెమ్మదిగా పైకి లేస్తుందో చూసి, ‘ఇంకో గంట ఆగుదాం’ అనో ‘ఇప్పుడే ఉండలు చుట్టండి’ అనో చెప్పాలి.

నా దృష్టిలో స్థానిక దుకాణానికీ చెయిన్‌కీ ఉన్న తేడా మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది. ఆ మాట చెప్పేది ఎవరు? దుకాణంలో ఉన్న మనిషా, వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న కేంద్రమా?

చెయిన్లలో ఆ నిర్ణయం ఎప్పుడో ఊరు దాటిపోయింది. డామినోస్ పిండి తన ప్రాంతీయ కేంద్రాల్లో తయారవుతుంది. ఉండలు ట్రేలలో సర్ది చల్లటి లారీలలో దుకాణాలకు పంపుతారు. దుకాణంలో కుర్రాడు సాగదీసి, కొలత ప్రకారం సాసూ చీజూ వేసి, కన్వేయర్ ఓవెన్ జల్లెడ మీద పెడతాడు. జల్లెడ తనంతట తానే కదులుతుంది. ఆరేడు నిమిషాల్లో అవతలి వైపు పిజ్జా బయటికి వస్తుంది. ఎప్పుడు తియ్యాలన్న ప్రశ్నే ఉండదు. ఇది నిజంగా తెలివైన ఏర్పాటు. కొద్దిరోజుల శిక్షణతో పద్దెనిమిదేళ్ల పిల్లాడు చేసే పిజ్జా, పదేళ్ల అనుభవం ఉన్నవాడు చేసే పిజ్జా ఒకేలా ఉంటాయి.

డబ్బు కూడా ఆ లారీ వెంటే ప్రయాణిస్తుంది. డామినోస్ మాతృసంస్థ ఆదాయంలో దాదాపు 60 శాతం పిజ్జాలు అమ్మగా వచ్చింది కాదు, దుకాణాల రాయల్టీగా వచ్చిందీ కాదు. పిండి, చీజ్, అట్టపెట్టెలు, ఇతర సరుకులు దుకాణాలకు సరఫరా చేయగా వచ్చేది. పిండి ఎవరి చేతిలో ఉంటే వ్యాపారం వాళ్ల చేతిలో ఉన్నట్టే. చీజ్ సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. అమెరికాలో పిజ్జా హట్, డామినోస్, పాపా జాన్స్ మూడూ బద్ధ శత్రువులు. మూడింటికీ మోజరెల్లా సరఫరా చేసే ప్రధాన కంపెనీ మాత్రం ఒక్కటే, డెన్వర్‌లోని లెప్రినో ఫుడ్స్. టీవీ ప్రకటనల్లో కొట్టుకునే పిజ్జాల మీద కరిగేది ఒకే కంపెనీ చీజ్.

ఈ పద్ధతికి మరో బలముంది. 2009 చివర్లో డామినోస్ ఒక సాహసం చేసింది. తమ పిజ్జా బేస్ అట్టముక్కలా ఉందన్న కస్టమర్ల మాటల్ని తన ప్రకటనల్లోనే వినిపించి, పిండి, సాస్, చీజ్ అన్నీ మార్చింది. నిర్ణయం ఒకచోట ఉంటుంది కాబట్టి అమెరికా అంతటా వేల దుకాణాల్లో పిజ్జా ఒక్కసారే మారిపోయింది. వీధి దుకాణాలకు అలాంటి శక్తి కలలో కూడా లేదు. ఒక పిజ్జేరియా బాగుపడాలంటే అందులోని మనిషే బాగుపడాలి.

అవెన్యూ జె మీద ఒక మనిషి

ఆ మనిషి ఎలా ఉంటాడో చూడాలంటే న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని మిడ్‌వుడ్‌కు వెళ్లాలి. అవెన్యూ జె, ఈస్ట్ పదిహేనో వీధి కలిసే మూల మీద డి ఫారా అనే దుకాణం. ఇటలీలోని కసెర్తా ప్రాంతం నుంచి 1959లో వలస వచ్చిన డొమెనికో డిమార్కో 1965లో దీన్ని తెరిచారు. పాత బల్లలు, వెలిసిన గోడలు. పిజ్జా కోసం గంటకు పైగా నిలబడాల్సి వచ్చేది. దశాబ్దాల పాటు అక్కడ దాదాపు ప్రతి పిజ్జా ఆయన చేత్తోనే తయారైంది.

ఆయన పనితీరు చూసినవాళ్లు చెప్పిన వివరాలు ఒకదానితో ఒకటి సరిపోలతాయి. వంగిపోయిన వీపు. తొందర లేదు. ఓవెన్ తలుపు తీసి, వేడెక్కిన పిజ్జాను ఉత్త వేళ్లతోనే పట్టి తిప్పేవారు. బయటికి తీశాక గ్రానా పడానో చీజ్‌ను అప్పటికప్పుడు తురిమి చల్లేవారు. పొడవాటి ముక్కు ఉన్న డబ్బాతో ఆలివ్ నూనె గుండ్రంగా పోసేవారు. చివరగా తులసి జాతికే చెందిన బేసిల్ కట్ట ఎడమ చేత్తో పట్టుకొని, కత్తెరతో పిజ్జా మీద కత్తిరించేవారు. ఆకు వేడికి తగిలి వాసన లేచేదాకా పిజ్జా కస్టమర్ చేతికి వచ్చేది కాదు. బయట క్యూ ఎంత పొడుగున్నా ఈ వరసలో ఒక్క పని తగ్గేది కాదు, వేగం పెరిగేదీ కాదు. ముక్క ధర అయిదు డాలర్లకు పెంచినప్పుడు ఊరంతా నోరు వెళ్లబెట్టింది. క్యూ మాత్రం తగ్గలేదు.

డి ఫారాను తలుచుకుంటే స్థానిక దుకాణం బలమూ బలహీనతా రెండూ ఒకేచోట కనిపిస్తాయి. ఆయనకు ఒంట్లో బాగోలేకపోతే దుకాణానికి తాళం. ఆరోగ్య శాఖవాళ్లు ఒకటికి రెండుసార్లు మూయించారు. 2019 ఆగస్టులో పన్ను బకాయిల కోసం ప్రభుత్వం దుకాణాన్ని స్వాధీనం చేసుకుంది, కొన్ని రోజుల తర్వాత మళ్లీ తెరిచారు. పిండి సంగతి అంత బాగా తెలిసిన చోట కాగితాల సంగతి చూసేవాళ్లు లేకపోవడం చిన్న వ్యాపారాల్లో ఎప్పుడూ ఉండే బాధే. 2022 మార్చిలో డిమార్కో 85వ ఏట కన్నుమూశారు. దుకాణం పిల్లల చేతికి వచ్చింది. ‘ఆయన చేసినట్టే ఉందా?’ అన్న ప్రశ్న వాళ్లను రోజూ వెంటాడుతుంది. డామినోస్‌లో పిజ్జా చేసిన కుర్రాడు ఉద్యోగం మానేస్తే ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఆ తేడాకు నేను విలువ ఇస్తాను. ఒక తిండి పోతే ఫలానావారి చేతి తిండి పోయిందని ఊరు బాధపడటం చిన్న విషయం కాదు.

కనిపెట్టింది ఒకరు, అమ్మింది ఇంకొకరు

చెయిన్ల మెనూలో ఉన్న రకాలను వెనక్కి తవ్వుకుంటూ వెళ్తే దాదాపు ప్రతి వేరూ ఏదో ఒక వీధి దుకాణంలో తేలుతుంది. డెట్రాయిట్‌లో 1946లో బడ్డీస్ అనే చోట చదరపు పిజ్జా పుట్టింది. అక్కడి కార్ల ఫ్యాక్టరీల్లో చిన్న విడిభాగాలు వేసుకునే ఉక్కు ట్రేలు పిజ్జా పళ్లేలయ్యాయి. మందపాటి ఆ ఉక్కుకు అంటిన చీజ్ అంచుల్లో మాడి కరకరలాడుతుంది. పిజ్జా హట్ ‘డెట్రాయిట్ స్టైల్’ అంటూ దేశమంతా అమ్మింది 2021లో. అంటే 75 ఏళ్ల తర్వాత. షికాగో లోతు పళ్లెం పిజ్జా 1943లో పిజ్జేరియా ఊనోలో మొదలైందని చెబుతారు. సగం ప్రపంచం తిట్టే, సగం ప్రపంచం ఇష్టంగా తినే అనాసపండు పిజ్జాను 1962లో కెనడాలోని చాటమ్‌లో గ్రీస్ నుంచి వలస వచ్చిన శామ్ పానోపౌలోస్ తన రెస్టారెంట్‌లో సరదాగా చేసి చూశారు.

మన నాలుకకు దగ్గరైన కథ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంది. 1986లో జాంటే అనే ఇటాలియన్ పిజ్జా దుకాణాన్ని ఒక పంజాబీ కొన్నారు. జాంటే అన్న పేరు తీసెయ్యలేదు, పిజ్జా మానలేదు. దాని మీదికి పాలకూర, వంకాయ, కాలీఫ్లవర్, తందూరి చికెన్, కొత్తిమీర వచ్చి చేరాయి. ఇప్పుడు ఫ్రీమాంట్, సన్నీవేల్ చుట్టుపక్కల ఇండియన్ పిజ్జా దుకాణాలకు లెక్క లేదు. వాటిలో కొన్ని చెయిన్లుగా కూడా ఎదిగాయి. శుక్రవారం సాయంత్రం వాటి ముందు నిలబడితే తెలుగు మాటలు వినిపించకుండా ఉండవు. కొత్తగా అమెరికా వెళ్లిన మన విద్యార్థికి మొదటి సెమిస్టర్‌లో కడుపు నింపేది మాత్రం తక్కువ ధరకు వేడివేడిగా సిద్ధంగా ఉండే చెయిన్ పిజ్జాయే. అర్ధరాత్రి లైబ్రరీ నుంచి ఆకలితో బయటపడ్డవాడికి తెరిచి ఉండే తలుపు అదొక్కటే అయిన ఊళ్లు అమెరికాలో ఎన్నో. ఆ మేలు మరిచిపోతే తప్పు.

చెయిన్లు కనిపెట్టినవీ తక్కువేం కాదు. కాకపోతే అవి పిజ్జా లోపల ఉండవు, చుట్టూ ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పేర్చినా నలగని గట్టి అట్టపెట్టెను వాడుకలోకి తెచ్చింది డామినోసే. ఫోన్‌లో ఆర్డర్ ఎంతవరకు వచ్చిందో చూపే ఏర్పాటు, అన్నింటికీ మించి గడియారం. ముప్ఫై నిమిషాల్లో రాకపోతే డబ్బులివ్వక్కర్లేదన్న మాట మన దేశంలో పిజ్జాను ఇంటింటికీ చేర్చింది. చిన్నప్పుడు గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్న పిల్లలు ఇప్పుడు ముప్ఫైల్లో ఉన్నారు. అమెరికాలో ఆ మాటకు చెల్లించిన ధర మాత్రం భయంకరమైంది. 1989లో సెయింట్ లూయిస్‌లో ఒక డెలివరీ కుర్రాడు ఎర్రదీపం దాటి వచ్చి ఒక మహిళ కారును గుద్దాడు. 1993 డిసెంబరులో జ్యూరీ ఆమెకు దాదాపు 7.9 కోట్ల డాలర్లు ఇవ్వాలంది. రాజీలో ఆ మొత్తం తర్వాత బాగా తగ్గింది. కానీ తీర్పు వచ్చిన కొద్ది రోజులకే డామినోస్ అక్కడ ముప్ఫై నిమిషాల హామీ ఎత్తేసింది. హైదరాబాద్ రోడ్ల మీద వాన నీటిలో బండి తోసుకొస్తున్న డెలివరీ కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ కేసే గుర్తొస్తుంది. కొద్ది నిమిషాల్లో అన్నీ తెచ్చిస్తామనే పోటీ మన నగరాల్లో ఇప్పుడు ఇంకా ముదిరింది.

మన వంద రూపాయలు ఎటు పోతున్నాయి?

2002లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో సివిక్ ఎకనామిక్స్ అనే సంస్థ ఒక లెక్క తీసింది. పిజ్జాల మీద కాదు, పుస్తకాల, పాటల దుకాణాల మీద. స్థానిక దుకాణంలో 100 డాలర్లు ఖర్చుచేస్తే ఊళ్లో 45 డాలర్లు తిరుగుతాయి, పెద్ద చెయిన్‌లో ఖర్చుచేస్తే 13. కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. వీధి దుకాణం లెక్కలు చూసే ఆడిటర్ ఆ ఊరివాడే, బోర్డు రాసేవాడు ఆ ఊరివాడే, లాభం మిగిలితే యజమాని ఖర్చుపెట్టేదీ ఆ ఊళ్లోనే.

ఇక్కడ అమెరికా డామినోస్ తరఫున ఒక మాట చెప్పాలి. అక్కడ దుకాణాల్లో అత్యధిక భాగం ఫ్రాంచైజీలవి. కంపెనీ చెప్పే ప్రకారం ఆ యజమానుల్లో 90 శాతానికి పైగా ఒకప్పుడు డామినోస్‌లోనే డెలివరీ చేసినవాళ్లు, పిజ్జాలు చేసినవాళ్లు. అమ్మకాల్లో 5.5 శాతం రాయల్టీ, ఇతర ఖర్చులు పోను మిగిలే లాభం ఆ ఊరి మనిషిదే. మన దేశంలో అలాంటి మెట్టు కూడా లేదు. ఇక్కడ డామినోస్ హక్కులన్నీ జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ అనే ఒకే కంపెనీవి, రెండు వేలకు పైగా ఉన్న దుకాణాలను ఆ కంపెనీయే నడుపుతుంది. అమెరికా బయట డామినోస్‌కు ఇదే అతి పెద్ద మార్కెట్. కర్నూలులోనో ఖమ్మంలోనో పిజ్జా చేస్తున్న కుర్రాడు మేనేజరు అయ్యే దారి ఉంది. ఆ బోర్డు కింద దుకాణం తనదయ్యే దారి లేదు. ఈ విషయం మీద మన దగ్గర ఎవరూ మాట్లాడరు. మాట్లాడాల్సిన విషయమని నేను అనుకుంటాను.

మన ఊరి దుకాణం

మరి మన ఊళ్లో స్థానిక పిజ్జా అంటే ఏమిటి? జిల్లా కేంద్రాల్లో బేకరీల పక్కన, కాలేజీ రోడ్లలో కనిపించే చిన్న పిజ్జా దుకాణాల్లో చాలావాటిలో పిండి కలపరు. ప్లాస్టిక్ కవర్లో వచ్చిన రెడీమేడ్ బేస్ తీస్తారు. టమాటా కెచప్ రాస్తారు. క్యాప్సికం, స్వీట్‌కార్న్, పనీర్ ముక్కలు, పైన గుప్పెడు చీజ్. చిన్న ఎలక్ట్రిక్ ఓవెన్లో చీజ్ కరిగేదాకా ఉంచి, మయోనీజ్ గీతలు గీసి ఇస్తారు. ఆ చీజ్ కూడా చాలాచోట్ల పాల చీజ్ కాదు, పాల కొవ్వు బదులు వంటనూనెల కొవ్వుతో చేసిన ఎనలాగ్. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం దాన్ని చీజ్ అన్న పేరుతో అమ్మకూడదు. అయినా మెనూలో చీజ్ అనే ఉంటుంది. ఇలాంటి దుకాణాన్ని యజమాని మన ఊరివాడు కాబట్టి నెత్తిన పెట్టుకోమని నేను చెప్పలేను. అక్కడా పిండి నిర్ణయం వేరే ఊళ్లో ఏదో ఫ్యాక్టరీలోనే జరిగిపోయింది. వాళ్ల బేస్ కంటే చెయిన్ బేస్ నయం. శుభ్రత, కొలత, శాకాహారులకు వేరే పాత్రలు వంటి విషయాల్లో చెయిన్లు పెట్టిన ప్రమాణాన్ని చాలా చిన్న దుకాణాలు ఇంకా అందుకోలేదు.

మరో వైపు హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో గత కొన్నేళ్లుగా వేరే రకం దుకాణాలు వస్తున్నాయి. పిండి తామే కలిపి ఒకటి రెండు రోజులు చల్లగా పులియబెట్టి, రాతిపలక ఉన్న ఓవెన్లోనో కట్టెల పొయ్యిలోనో కాల్చేవాళ్లు. మే నెల వేడిలో మైదా ముద్దను అదుపులో పెట్టడానికి వాళ్లు పడే తిప్పలు నేపుల్స్ మేస్త్రికి కూడా తెలియవు. ధర ఎక్కువే. ఎందుకు ఎక్కువో లెక్క చూస్తే బాధేస్తుంది. అద్దె, పొయ్యి, చేయి తిరిగిన మనిషి జీతం, ఆపైన డెలివరీ యాప్ కోత. ఆర్డర్ మీద నాలుగో వంతు దాకా యాప్‌కే పోతే చిన్న దుకాణానికి మిగిలేది ఏముంటుంది? పెద్ద చెయిన్‌కు సొంత యాప్, సొంత డెలివరీ మనుషులు ఉంటారు, ఈ కోత నొప్పి తక్కువ. అమెరికాలో ఈ బాధ చూసే ఇలిర్ సెలా అనే పిజ్జా కుటుంబం కుర్రాడు 2010లో విడి పిజ్జేరియాల కోసం ఒక ఆర్డర్ల సంస్థ పెట్టాడు. ఇప్పుడది స్లైస్ అన్న పేరుతో నడుస్తోంది. మనకు అలాంటిది వచ్చేదాకా నేరుగా ఫోన్ చేసి ఆర్డర్ ఇస్తే చాలు, ఆ నాలుగో వంతు పొయ్యి దగ్గరే ఆగుతుంది.

నాకు ఒక కోరిక కూడా ఉంది. నేపుల్స్ చుట్టుపక్కల కంపానియా ప్రాంతంలో అతి ఖరీదైన మోజరెల్లా గేదె పాలతో చేస్తారు. ప్రపంచంలో గేదె పాలు అందరికంటే ఎక్కువ తీసేది మన దేశం. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో వాకిట్లో గేదెలున్న రైతు ఇళ్లకు కొదవ లేదు. విరిచిన పాల గడ్డను వేడి నీళ్లలో వేసి చేత్తో సాగదీసే ఆ పనిని మన డెయిరీలు చిన్న స్థాయిలో మొదలుపెడితే, ఊరి పాలు ఊరి పిజ్జా మీద కరుగుతాయి. పెరుగుకూ నెయ్యికీ ఇంత పేరున్న నేల మీద పిజ్జా కోసం నూనె చీజ్ తెచ్చుకోవాల్సిన ఖర్మ ఎందుకు?

ఇక తినేవాళ్లకు ఒక మాట. కొత్త దుకాణంలోకి వెళ్లగానే ‘పిండి ఎప్పుడు కలిపారండీ?’ అని అడగండి. నిన్న పొద్దున అనో, మొన్న రాత్రి అనో వెంటనే చెప్పగలిగితే అక్కడ కూర్చోవచ్చు. ఆ మాటకు వాళ్ల ముఖం వెలుగుతుంది కూడా. ముక్క చేతికి వచ్చాక తిరగేసి అడుగు చూడండి, గోధుమరంగు మచ్చలు ఎగుడుదిగుడుగా ఉండాలి. అంచు తుంచితే లోపల చిన్నా పెద్దా గాలి గదులు కనిపించాలి. మొదటిసారి టాపింగ్స్ ఏవీ లేని మార్గరీటా తెప్పించుకోండి. మొక్కజొన్న గింజల చాటున దాక్కోవడానికి అక్కడ చోటుండదు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ పిజ్జాను ఇంటికి తెప్పించుకొని చెయిన్ పిజ్జాతో పోల్చకండి. చెయిన్ పిండిలోని నూనె, చక్కెర, తేమ తక్కువ చీజ్ అన్నీ పెట్టెలో అరగంట ప్రయాణాన్ని తట్టుకోవడం కోసం లెక్కగట్టి పెట్టినవి. నాలుగు వందల డిగ్రీల పొయ్యిలోంచి వచ్చిన పలచటి పిజ్జా మూత పెట్టిన అట్టపెట్టెలో పది నిమిషాల్లోనే తన ఆవిరికి తానే మెత్తబడి సాగుతుంది. ఇంట్లో సోఫా మీద జరిగే పోటీలో గెలుపు ఎప్పుడూ పెట్టె కోసం పుట్టిన పిజ్జాదే. స్థానిక పిజ్జేరియాకు వెళ్లేటప్పుడు సాయంత్రం ఆరున్నరకే వెళ్లండి, రద్దీ ఇంకా మొదలు కాదు, పొయ్యి అప్పటికి బాగా కాగి ఉంటుంది. పొయ్యి కనిపించే బల్ల అడిగి తీసుకోండి. పిజ్జా రాగానే ఫొటోల కోసం ఆగకుండా తినడం మొదలుపెట్టండి. బాగుంటే చేసినవాళ్లను పిలిచి చెప్పండి. బాగోలేకపోతే ఎక్కడ తేడా వచ్చిందో అదీ చెప్పండి, రేపటి పిండి కలిపేది వాళ్లే.